బాన్షీ ఏడిస్తే ఎవరికి మూడినట్టు? ఐర్లాండ్, వేల్స్, స్కాట్లాండ్, బ్రిటనీల చావు శకునాలు

నిశిరాత్రి
నిన్న ఓటీటీలో ఒక హారర్ సినిమా చూశాను. అందులో బాన్షీ అనే ఐరిష్ దయ్యం అరిస్తే చాలు, ఎదుటివాళ్ల చెవుల్లోంచి రక్తం కారి చచ్చిపోతుంటారు. తర్వాత నెట్‌లో చదివితే, అక్కడి అసలు కథల్లో అది ఎవర్నీ చంపదని, ఏడుస్తుందంతేనని ఉంది. చంపని దయ్యానికి భయపడటం ఎందుకు? ఆ చుట్టుపక్కల ఇలాంటి చావు శకునాలు ఇంకా చాలా ఉన్నాయట కూడా. తెలిసినవాళ్లు రాయండి. సినిమాల సంగతి వద్దు, అక్కడి జనం చెప్పుకునేవి కావాలి.

పాతపుస్తకాల_పురుగు
సినిమావాళ్లు దాన్ని తలకిందులు చేశారు. బాన్షీ చంపదు, శపించదు, గడప దాటి లోపలికి కూడా రాదు. ఒక వంశాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ వంశంలో ఎవరికైనా ఆయువు తీరబోతోందంటే రాత్రిపూట ఇంటి బయట ఎక్కడో ఆడమనిషి ఏడుపు వినిపిస్తుంది. విన్నామని చెప్పినవాళ్లే ఎక్కువ, చూశామన్నవాళ్లు తక్కువ. చూసినవాళ్ల మాటల్లో ఆమె పొట్టిగా ఉండే ముసలిది, పొడవాటి తెల్లజుట్టు దువ్వుకుంటూ కనిపిస్తుంది. పడుచుపిల్లగా, అందగత్తెగా చూపించడం ఎక్కువగా కవులు, బొమ్మలు గీసేవాళ్లు చేసిన పని.

అందరి కోసమూ ఏడవదు. ముఖ్యంగా ఓ, మాక్ అని మొదలయ్యే ఇంటిపేర్లున్న పాత గేలిక్, అంటే అసలు ఐరిష్, కుటుంబాలకే ఆ మర్యాద. ఓబ్రయన్, ఓనీల్, ఓకానర్, ఓగ్రేడీ, కావనా అనే ఐదు పేర్లు తరచుగా చెబుతారు. నార్మన్లు ఇంగ్లండ్ వైపు నుంచి దండెత్తి వచ్చి అక్కడే స్థిరపడ్డాక ఫిట్జ్‌జెరాల్డ్‌లాంటి కొన్ని కుటుంబాలు కూడా మాకూ ఉందని చెప్పుకున్నాయి.

ఓబ్రయన్ల బాన్షీకి పేరు కూడా ఉంది, ఈవల్. క్లేర్ జిల్లాలో కిల్లలూ ఊరి దగ్గర క్రాగ్లే గుట్ట ఆమె చోటు. 1014 ఏప్రిల్ 23, గుడ్ ఫ్రైడే నాడు డబ్లిన్ పక్కన క్లాంటార్ఫ్‌లో వైకింగ్‌లతో, వాళ్ల పక్షాన నిలిచిన లెన్‌స్టర్ అనే ఐరిష్ రాజ్యపు సేనతో యుద్ధం జరిగింది. ఓబ్రయన్ల మూలపురుషుడైన, డెబ్బై దాటిన బ్రయన్ బోరూ రాజు కత్తి పట్టకుండా వెనక గుడారంలో ప్రార్థన చేసుకుంటున్నాడు. అక్కణ్ణుంచి వెళ్లిపోదాం రమ్మని పరిచారకుడు బతిమాలితే, "రాత్రి ఈవల్ వచ్చి నాకు ఈరోజే చావని చెప్పింది" అన్నాడని పాత ఐరిష్ చరిత్ర గ్రంథంలో ఉంది. ఆ గుడారం దగ్గరే చంపారు. గెలిచింది మాత్రం ఆయన సైన్యమే.

డబ్లిన్‌లో_దుర్గ
ఇక్కడ ఉంటున్నాను కాబట్టి రెండు ముక్కలు. జనవరిలో మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో ఆడనక్క అరుస్తుంది. కొత్తగా వచ్చినప్పుడు అర్ధరాత్రి విని ఎవరినో పొడిచేస్తున్నారనుకుని పోలీసులకు ఫోన్ చేయబోయాను. పక్కింటి పెద్దావిడ నవ్వి, "అది నక్కమ్మా, బాన్షీ అయితే నీకు వినపడదు, మీది ఇక్కడి ఇంటిపేరు కాదుగా" అంది.

దువ్వెన సంగతి కూడా ఆవిడే చెప్పింది. దారిలో దువ్వెన కనిపిస్తే తీయకూడదని వాళ్ల చిన్నప్పుడు గట్టిగా చెప్పేవాళ్లట. అది బాన్షీది కావచ్చు. తెచ్చుకుంటే రాత్రి కిటికీ దగ్గరకొచ్చి అడుగుతుంది. చేత్తో ఇవ్వకూడదు, పొయ్యి దగ్గరి ఇనుప పటకారుతో పట్టుకుని కిటికీలోంచి అందించాలి. పొద్దున చూస్తే పటకారు వంకర్లు తిరిగి ఉంటుంది. చేత్తో ఇచ్చి ఉంటే ఆ గతి చేతికి పట్టేదన్నమాట.

సైన్సుమాష్టారు
నక్క ఒకటి, బార్న్ ఔల్ అనే తెల్లముఖం గుడ్లగూబ ఇంకొకటి. మిగతా గుడ్లగూబల్లాగా కూయదు, గొంతు చీల్చుకుని కీచుమంటుంది. పాత చర్చి గోపురాల్లో, పాడుబడ్డ కోటల్లో గూడు కడుతుంది. ఒళ్లు తెల్లగా ఉంటుంది, రెక్కల చప్పుడు అసలు రాదు. చీకట్లో సమాధుల మీదుగా అది ఎగురుతూ అరిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. దీనికి ఐరిష్‌లో ఉన్న పేరుకు అర్థమే శ్మశానంలో కీచుమనేదని. నా దృష్టిలో బాన్షీ కథ ఇక్కడితో అయిపోయింది.

పాతపుస్తకాల_పురుగు
మాష్టారూ, గుడ్లగూబ పేరులోనే శ్మశానం పెట్టుకున్న జనానికి ఆ అరుపు గుడ్లగూబదని తెలియదంటారా? పల్లెటూరివాళ్లు నక్కనూ గుడ్లగూబనూ మనకంటే బాగా గుర్తుపడతారు. పైగా అరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేశాక కూడా అసలు ప్రశ్న అలాగే ఉంటుంది. గుడ్లగూబ ఊరందరికీ అరుస్తుంది. బాన్షీ ఓబ్రయన్లకే ఎందుకు ఏడుస్తుంది?

నిశిరాత్రి
అంటే దయ్యం కూడా ఇంటిపేరు చూసే ఏడుస్తుందా 😄

పాతపుస్తకాల_పురుగు
నవ్వులాటకన్నా అసలు విషయం అదే. బాన్షీ ఉందంటే మనది పెద్దింటి వంశమని లెక్క. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్ కాలంలో, దాని తర్వాత, ఈ గేలిక్ కుటుంబాల భూములు చాలావరకు ఇంగ్లీషువాళ్ల చేతుల్లోకి పోయాయి. కోటలు పోయాయి, పదవులు పోయాయి. ఒకప్పుడు రాజులమని చెప్పుకోవడానికి కౌలురైతు దగ్గర ఏం మిగిలింది? కాగితం లేదు, పొలం లేదు. "మా తాత పోయినప్పుడు బాన్షీ ఏడ్చింది" అనే మాట మాత్రం ఎవరూ జప్తు చేయలేరు. భయం తక్కువ, గర్వం ఎక్కువ అని నా అభిప్రాయం. అమెరికా వలసపోయినవాడు అక్కడ చనిపోతే ఇక్కడి పాత ఇంటి దగ్గరే ఏడుపు వినబడిందనే కథలు కూడా అందుకే వచ్చి ఉంటాయి.

పరాయివాళ్లు విన్న సందర్భం కూడా ఒకటుంది. ఆన్ ఫ్యాన్‌షా అనే ఇంగ్లీషు దొరసాని, భర్త రాజుగారి పక్షం దౌత్యాధికారి. అక్కడి అంతర్యుద్ధం రోజుల్లో, 1650 ప్రాంతంలో, ఐర్లాండ్‌లో ఓబ్రయన్ల ఆడపడుచు ఇంట్లో ఒక రాత్రి బస చేసింది. కిటికీలో తెల్లబట్టలు, ఎర్రజుట్టు, పాలిపోయిన ముఖంతో ఒక ఆడమనిషి కనిపించి మూడుసార్లు ఏదో అని, గాలిలాంటి నిట్టూర్పు విడిచి మాయమైందట. భయంతో మొగుణ్ణి గిల్లి లేపుతుంటే ఆయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. పొద్దున ఇంటావిడ వచ్చి, "రాత్రి రెండింటికి మా దాయాది ఒకాయన ఈ ఇంట్లోనే పోయాడు. మీకు కష్టం కలగలేదుగా" అంది. తర్వాత చెప్పింది: మా వాళ్లెవరైనా పోయేముందు ఆమె ఆ కిటికీ దగ్గర కనబడుతుంది, పూర్వం ఈ ఇంటి యజమాని ఆమెను గర్భవతిని చేసి, తోటలో చంపి, కిటికీ కింది ఏట్లో పడేశాడు అని. ఇదంతా ఆ దొరసాని తన జ్ఞాపకాల్లో రాసుకుంది.

ఓరుగల్లు_శ్రావణి
ఇక్కడ ఒకటి తేడాగా ఉంది. మీరు మొదట చెప్పిన బాన్షీ వంశం మేలు కోరే ముసలమ్మ. ఈ కథలోది ఆ వంశం చేతిలో చచ్చిపోయిన మనిషి. ఆమె ఎందుకు ఏడవాలి వాళ్ల కోసం? చావు కబురు చెప్పి సంతోషపడుతుండాలి.

పాతపుస్తకాల_పురుగు
మంచి ప్రశ్న శ్రావణిగారూ. రెండు రకాలూ కలిసిపోయాయి. వంశాన్ని కాచే పాత దేవతలాంటి మనిషి ఒకవైపు, అన్యాయంగా చచ్చినామె ఇంకోవైపు. జానపద కథల్లో ఈ రెండూ ఒకే కిటికీ దగ్గరకు రావడం మామూలే. సంతోషపడే బాన్షీలు కూడా కొన్ని కథల్లో ఉన్నాయి, కానీ చాలా తక్కువ.

కార్డిఫ్_కిట్టు
ఐర్లాండ్ గురించే మాట్లాడుతున్నారు, వేల్స్ వైపు రండి. అక్కడ ఇంటిపేరుతో పని లేదు. ఎవరు పోయేముందైనా శవదీపం కనిపించవచ్చు.

రాత్రిపూట నేలకు కొంచెం ఎత్తున ఒక చిన్న వెలుగు. చావబోయే మనిషి ఇంటి దగ్గర మొదలై చర్చి సమాధుల దాకా నెమ్మదిగా వెళ్తుంది, శవయాత్ర ఏ దారిన వెళ్లాలో సరిగ్గా ఆ దారినే. 1656లో ఒక వేల్స్ పాదిరి రాసిన ఉత్తరంలో లెక్క కూడా ఉంది: చిన్న, పాలిపోయిన నీలం వెలుగైతే పసిబిడ్డ, పెద్దదైతే పెద్దవాళ్లు, రెండు మూడు కలిసి వెళ్తే అన్ని శవాలు. వేల్స్‌ను కాచే సంతుడు సెయింట్ డేవిడ్ తన జనానికి చావు ముందే తెలియాలని, దానికి సిద్ధపడాలని దేవుణ్ణి వేడుకుంటే దొరికిన వరం ఇదని చెబుతారు. అందుకే ఆయన మఠం పరిధిలోని పడమటి జిల్లాల్లోనే ఎక్కువట. వరం అంటున్నారు, శాపం అనడం లేదు, అది గమనించండి.

ఒక కథ బాగా తెలిసింది. లాన్‌డైలో నుంచి కార్మార్థెన్ వెళ్లే గుర్రబ్బండిలో జనం గోల్డెన్ గ్రోవ్ దగ్గర టోవీ నది నీళ్ల మీద మూడు దీపాలు కొట్టుకుపోతుంటే చూశారు. కొన్నాళ్లకు అదే చోట ఏరు పొంగి ఉంటే కొందరు పుట్టిలో దాటబోయారు. ఒకడు భయపడి గట్టునే ఉండిపోయాడు. ఎక్కిన ముగ్గురూ మునిగిపోయారు. 1880లో కార్డిఫ్‌లో అమెరికా కాన్సుల్‌గా ఉన్న వర్ట్ సైక్స్ తన పుస్తకంలో రాశాడు.

దీపమే కాదు, చప్పుడూ ఉంది. వడ్రంగి పనిచేసే కొట్టంలో రాత్రి ఎవరూ లేకుండానే రంపం కోత, మేకులు కొట్టే చప్పుడు వినిపిస్తే తెల్లారి శవపేటిక చేయమని మనిషి వస్తాడట.

ఓరుగల్లు_శ్రావణి
మా అమ్మమ్మ చెప్పే కొరివిదయ్యం ఇదేగా? చెరువు వెనక మంట కదులుతూ పోతుందని.

కార్డిఫ్_కిట్టు
వెలుగు వరకే పోలిక అక్కా. కొరివిదయ్యం వెంటపడుతుంది, దారి తప్పిస్తుంది. శవదీపం దారి అసలు తప్పదు, దానికి మనతో పనే లేదు. ఎదురొస్తే పక్కకు తప్పుకోవాలంతే. అడ్డం నిలబడినవాళ్లు జబ్బుపడ్డారని చెబుతారు.

సైన్సుమాష్టారు
బురదనేలల్లో గ్యాస్ వెలగడం, చీకట్లో లాంతరు పట్టుకుని నడిచే మనిషి, ఈ రెండూ చాలు. మేకుల చప్పుడుకు డెత్‌వాచ్ బీటిల్ అనే కలప పురుగు ఉంది. జత కోసం తలను చెక్కకు కొట్టి టకటకమని చప్పుడు చేస్తుంది. నిశ్శబ్దంగా రోగి పక్కన మేలుకుని కూర్చున్నవాళ్లకే అది బాగా వినబడుతుంది, అందుకే చావుతో ముడిపడింది.

కార్డిఫ్_కిట్టు
ఆ చివరి మాట మాత్రం ఒప్పుకుంటాను మాష్టారూ. ఎడ్మండ్ జోన్స్ అని పద్దెనిమిదో శతాబ్దపు పాదిరి ఒకాయన మీ బోటివాళ్ల మీద కోపంతోనే 1780లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆత్మలు లేవంటే రేపు దేవుడూ లేడంటారని ఆయన టెన్షన్. ఆ కోపం పుణ్యమా అని మనకు బోలెడు కథలు మిగిలాయి.

లానియోఁలో_ఫిల్టర్‌కాఫీ
ఫ్రాన్స్‌లో బ్రిటనీ గురించి ఎవరూ ఎత్తలేదు. నేను ఉద్యోగరీత్యా లానియోఁలో ఉంటాను, టెలికాం కంపెనీలున్న చిన్న పట్నం. పక్కనే ప్లూమిలియో అనే పల్లె. అక్కడి చర్చిలో ఆంకూ బొమ్మ ఉంది. చెక్కతో చేసిన అస్థిపంజరం, ఒక చేతిలో కొడవలి, ఒక చేతిలో పార. చిన్నదే, కానీ దాని ముందు నిలబడితే నవ్వు రాదు. ఊరివాళ్లు దానికి ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఆంకూ అంటే చావు దేవుడు కాదు, చావు కింద పనిచేసే నౌకరు. ఈ ఉద్యోగం ఎవరికి ఇస్తారన్నదే నాకు నచ్చింది. ఆ ఊళ్లో ఏడాది చివర్లో ఆఖరుగా చనిపోయినవాడు వచ్చే ఏడాదికి ఆంకూ అవుతాడు. అంటే మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాడు మీకు తెలిసినవాడే, మొన్న మొన్నటిదాకా మీ పక్క బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసినవాడు. రాత్రిపూట బండి తోలుకుంటూ వస్తాడు. ఇరుసు కిర్రుమంటుంది. ఆ చప్పుడు ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో ఒకరు పోతారు. కొడవలి అంచు లోపలికి కాకుండా బయటివైపు తిరిగి ఉంటుంది, కాబట్టి కోతకోసేవాడిలా లాక్కోడు, ముందుకు విసురుతాడు.

ఇంకొంచెం పడమరగా లా రోష్ మోరీస్‌లో ఎముకలు దాచే గది గోడ మీద చెక్కిన ఆంకూ ఉంది. 1639 నాటిది. కింద ఫ్రెంచిలో రాసి ఉంది, "మీ అందర్నీ నేను చంపుతాను" అని. పక్కనే కులీనులు, రైతులు, పాదిరీల బొమ్మలు వరసగా. ఇక్కడి కథలన్నీ ఆనటోల్ ల బ్రాజ్ అనే ఆయన ఊరూరా తిరిగి విని 1893లో పుస్తకం వేశాడు.

నిశిరాత్రి
ఇది అదిరింది. ఐర్లాండ్‌లో వంశం, వేల్స్‌లో దారి, బ్రిటనీలో ఊరు. ఒక్కోచోట ఒక్కో లెక్కన్నమాట. స్కాట్లాండ్ మిగిలింది.

పాతపుస్తకాల_పురుగు
స్కాట్లాండ్ కొండప్రాంతంలో వాగు దగ్గర బట్టలుతికే ఆడమనిషి. చావబోయేవాళ్ల బట్టలు, నెత్తుటి మరకలతో. కాన్పులో చనిపోయిన ఆడవాళ్లే ఇలా అవుతారని నమ్మకం. నిజానికి ఇంకా ఎన్నాళ్లు బతకాలో అన్నాళ్లూ అలా ఉతుకుతూనే ఉండాలి. అందుకని బాలింత పోతే ఆమె బట్టలన్నీ ఇంట్లోవాళ్లే ఉతికేసేవారట, ఆ పని ఆమెకు మిగలకుండా. చదివినప్పుడు ఇక్కడ ఆగిపోయాను. కాన్పు అంటేనే ప్రాణగండంగా ఉన్న రోజుల్లో, పోయిన పిల్ల కోసం ఇంటి ఆడవాళ్లు చేయగలిగింది అదొక్కటే కదా.

ఆమెకు బాతులాగా వేళ్ల మధ్య పొర ఉంటుందని, ఆమెకూ నీళ్లకూ మధ్య దూరి నిలబడగలిగితే అడిగిన ప్రశ్నలకు జవాబు చెబుతుందని అంటారు.

ఐర్లాండ్‌లో ఇదే రకం కథ ఇంకా పాతది. 1318 మే 10న క్లేర్‌లో డైసర్ట్ ఓడే దగ్గర యుద్ధం. రిచర్డ్ డి క్లేర్ అనే నార్మన్ దొర సైన్యంతో ఫెర్గస్ నది దాటుతుంటే ఒక ముసలిది కవచాలు, ఖరీదైన అంగీలు ఉతుకుతోంది, నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. ఆ దొరకు ఐరిష్ రాదు, దుబాసీ చేత అడిగించాడు. "నువ్వూ, నీ వాళ్లూ తొడుక్కున్నవే ఇవి" అంది. ఓబ్రయన్లను కాపాడటానికి వచ్చి బెదిరిస్తోందని కొట్టిపారేశాడు. యుద్ధంలో ఆయనా పోయాడు, తర్వాత కొడుకూ పోయాడు. రాసింది ఓబ్రయన్ల పక్షం చరిత్రకారుడే, కాబట్టి దయ్యం ఏ పక్షమో వేరే చెప్పక్కర్లేదు.

చరిత్రలో_చురక
స్కాట్లాండ్ రాజు మొదటి జేమ్స్‌కు 1437లో బాన్షీ కనిపించి హెచ్చరించిందని చాలా సైట్లలో ఉంది. అదీ చేర్చండి.

పాతపుస్తకాల_పురుగు
చేర్చకండి. ఆనాటి కథనంలో ఆమె మామూలు మనిషే, జోస్యం చెప్పే ఐరిష్ ఆడమనిషి. ఈ నీళ్లు దాటితే ప్రాణాలతో తిరిగి రావని రాజుకు చెప్పింది. పెర్త్‌లో ఆయన్ని చంపబోయే రాత్రి మళ్లీ కలవాలని వస్తే, రేపు రమ్మని పంపేశారు. తర్వాతి కాలంవాళ్లు ఆమెను బాన్షీ చేసేశారు.

చరిత్రలో_చురక
సరే. అయితే గోర్మన్‌స్టన్ నక్కలు? మీథ్ జిల్లాలో ఆ కోట ప్రభువు చావుబతుకుల్లో ఉంటే చుట్టుపక్కల నక్కలన్నీ వచ్చి కోట చుట్టూ కూర్చుంటాయట. 1860, 1876, 1907 మరణాల సమయంలో చూశామన్నారు.

సైన్సుమాష్టారు
చూశారా, మళ్లీ నక్కే!

మోడరేటర్
"మా వీధిలో రికార్డ్ చేసిన బాన్షీ గొంతు" అని ఆడియో పెట్టిన సభ్యుడి పోస్టు తీసేశాం. అది పిల్లుల కొట్లాట.

ఓరుగల్లు_శ్రావణి
ఇదంతా చదువుతుంటే మా వైపు శోకాలు గుర్తొస్తున్నాయి. శవం పక్కన కూర్చుని ముసలమ్మలు పోయినవాళ్ల గుణగణాలన్నీ వరసపెట్టి పాటలాగా ఏడుస్తారు. ఐర్లాండ్‌లోనూ అలా ఏడ్చేవాళ్లు ఉండేవారా?

డబ్లిన్‌లో_దుర్గ
ఉండేవాళ్లు శ్రావణీ. శవం చుట్టూ చేరి ఊగుతూ, చేతులు చరుస్తూ, పోయినవాళ్ల వంశం, మంచితనం రాగంతో చెప్పి ఏడ్చే ఆడవాళ్లు ఊళ్లో పేరున్నవాళ్లు. డబ్బో, సారానో ఇచ్చి పిలిపించేవారు. పాదిరీలకు ఇది నచ్చలేదు, అనాగరికమని శతాబ్దాల పాటు వెంటపడి మాన్పించారు. ఇరవయ్యో శతాబ్దం మొదటికి దాదాపు పోయింది. బాన్షీ అంటే మనుషుల కంటే ముందే మొదలుపెట్టిన శోకం అనుకోవచ్చు. చంపదు కదా, భయమెందుకని నిశిరాత్రిగారు మొదట అడిగారు. మన ఇంటి బయట మన కోసం ఎవరో శోకం మొదలుపెట్టారు, ఎవరి కోసమో చెప్పడం లేదు. అంతకంటే భయం ఏముంటుంది?

చావు కబురు విషయంలో ఇక్కడివాళ్లు ఇప్పటికీ అంతే శ్రద్ధ. లోకల్ రేడియోలో రోజూ చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. ఆర్ఐపీ డాట్ ఐఈ అనే సైట్ ఉంది, మా ఆఫీసులో పెద్దవాళ్లు పొద్దున్నే కాఫీతో పాటు అది చూస్తారు. తెలిసినవాళ్లుంటే సాయంత్రం వెళ్లి ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని వస్తారు.

కార్డిఫ్_కిట్టు
పేర్లు చదవడం అంటే లాన్‌గెర్న్యూ చెప్పాలి. ఉత్తర వేల్స్‌లో ఆ చర్చి ఆవరణలో వేల ఏళ్ల నాటిదనే యూ చెట్టు ఉంది. హాలోవీన్ రాత్రి చర్చి లోపలి నుంచి ఒక గొంతు, ఆ ఏడాది పోబోయేవాళ్ల పేర్లు వేల్ష్‌లో చదువుతుందట. షోన్ ఆప్ రాబర్ట్ అనే దర్జీ తాగే చోట దీన్ని ఎగతాళి చేసి, పందెం కట్టి వెళ్లాడు. మొదట వినబడింది తన పేరే. "ఆగాగు, నేనింకా సిద్ధంగా లేను" అని అరిచాడట. ఆ ఏడాదే పోయాడు.

సైన్సుమాష్టారు
ఇది బాగుంది, నమ్మకపోయినా. మూలాలు ఎక్కడ దొరుకుతాయి? సినిమా సైట్లు కాకుండా.

పాతపుస్తకాల_పురుగు
బాన్షీ మీద అయితే ప్యాట్రీషియా లైసాట్ 1986లో వేసిన పుస్తకం. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఉన్న జానపద సేకరణనంతా గాలించి రాశారు. అందులో బడిపిల్లల సేకరణ కూడా ఉంది. 1937 నుంచి 1939 వరకు సుమారు 5,000 బడుల్లో 50,000 మంది పిల్లల చేత, ఇంట్లో ముసలివాళ్లు చెప్పిన కథలు నోటుపుస్తకాల్లో రాయించారు. ఆ పేజీలన్నీ స్కాన్ చేసి దూకస్ అనే సైట్‌లో ఉచితంగా పెట్టారు. క్లేర్ జిల్లా ఎంచుకుని బాన్షీ అని వెతకండి. పిల్లల దస్తూరీతోనే చదవొచ్చు, స్పెల్లింగ్ తప్పులతో సహా.

నిశిరాత్రి
వెతుకుతున్నా. మొదటి పేజీలోనే దువ్వెన, పటకారు కథ వచ్చింది దుర్గగారూ! మీ పక్కింటావిడ చెప్పినట్టే ఉంది, ఇందులో మాత్రం పటకారు రెండు ముక్కలైంది.

డబ్లిన్‌లో_దుర్గ
రేపు ఆవిడకు చూపిస్తాను. వాళ్లమ్మ చదివిన బడి పేరు కూడా అడిగి, అందులో ఉందేమో చూద్దాం.